చక్రం మీద చెయ్యి

"నా పెట్టె ముట్టుకున్నావంటే చేతులిరగ్గొడతాను!" అంది అమ్మ.

చిన్నకొడుకు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్నవాడు ఊరుకోవచ్చుగా? అలవాటు కొద్దీ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, "అమ్మో, ఇరిగిపోయింది, ఇరిగిపోయింది" అంటూ ఒంటికాలి మీద గెంతాడు.

గెంతుతూ గెంతుతూ మధ్యలో ఆగిపోయాడు. అమ్మ కూడా నాలుక కరుచుకుంది.

ఈ ఇంట్లో ఇప్పుడు చేతుల మాట ఎత్తకూడదు. పక్కగదిలో వదిన ఉంది. తలుపు తెరిచే ఉంది.

వీధివీధంతా ఈ చిన్నకొడుకుని టపాకాయ అంటుంది. ఫ్రిజ్జులు బాగుచెయ్యడం వాడి పని. బాగుచేసి ఊరికే రాడు. ఒకసారి ఒకావిడ చల్లటి నీళ్ళకోసం తలుపు తీస్తే సీసాల పక్కన మొగుడి చెప్పులు మంచుపట్టి కూర్చున్నాయి. అయినా ఫ్రిజ్జు చెడితే ఆవిడ మళ్ళీ వాడినే పిలుస్తుంది. పని శుభ్రంగా చేస్తాడు, పోతూ పోతూ ఇల్లంతా నవ్వించి పోతాడు, ఇంకేం కావాలి?

అలాంటివాడు, మనవాళ్ళు ప్రపంచకప్పు గెలిచిన రోజు నుంచీ తేలుకుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. ఊరంతా ఊగిపోయిన ఆ రోజునే వదినకి పక్షవాతం వచ్చింది. మాట చాలావరకు తిరిగొచ్చింది. కాలు కొంచెం ఈడుస్తోంది. కుడిచెయ్యి మాత్రం ఉందంటే ఉంది.

ఆ కుడిచేత్తోనే కదా ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించేది! నిన్న రాత్రి యూనిఫారాల కొట్టు యజమాని వచ్చి, "ఏమనుకోకమ్మా, బళ్ళు తెరుస్తున్నారు" అని గుడ్డ తానులన్నీ వెనక్కి పట్టుకుపోయాడు. వాడు గుమ్మం దిగాడో లేదో, అన్నయ్య అమ్మ మీద పడ్డాడు. ఆ గొడవకి మిగిలింది ఇదిగో, మంచం మీద నోరు తెరుచుకున్న ఈ పెట్టె.

"ఎక్కడికి పోతావమ్మా?"

"మీ పిన్ని దగ్గరికి."

"పిన్నికీ నీకూ క్షణం పడదు. మొన్నటికి మొన్న గరిటె దగ్గర మాటామాటా వచ్చి, పదిరోజులుంటానని పోయినదానివి పొద్దుగూకేసరికి తిరిగొచ్చావు."

"దాని నోటికి నేనూ సమాధానం చెప్పగలను. మీ అన్నయ్య నోటికి చెప్పలేకపోతున్నాను." అమ్మ తువ్వాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "ఎంత మాటన్నాడురా! 'పక్కనే కూర్చున్నావు, మూరెడు దూరంలో. మనిషి మూతి వంకరపోతుంటే నీ కళ్ళేమయ్యాయి, కోడలు కాబట్టి కనబడలేదా?' అన్నాడు."

టపాకాయ తలుపులోంచి ముందుగది గోడకేసి చూశాడు. అమ్మ ఆ రోజంతా ఆ గోడనే చూసింది మరి.

"చెప్పెయ్యనా?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"ఏమని?"

"నిన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది నేనేనని. నీకెలా కనబడుతుందని."

"నోర్ముయ్!" అమ్మ తలుపువైపు చూసి గొంతు దించింది. "వాడసలే నిప్పుల మీద ఉన్నాడు. ఆ మాట బయటపడితే ఇంకో మాట అడుగుతాడు, దానిమీద ఇంకోటి. ఆఖరికి నిన్ను గెంటేస్తాడు. నువ్వెక్కడికి పోతావు? నాకైతే చెల్లెలుంది. నా మీదనే పోనీ."

ఆ మాట వినగానే టపాకాయకి ముందు కలిగింది ఏడుపు కాదు. హమ్మయ్య అనిపించింది. కన్నతల్లి మూటాముల్లే సర్దుకుంటుంటే ఊపిరి పీల్చుకునే కొడుకుని ఏమంటారో వాడికి తెలుసు. ఆ పేరుతో పోలిస్తే టపాకాయ అనేది చాలా మంచి పేరు.

"తాళంచెవి కనబడ్డంలేదేమిటి?" అంది అమ్మ, పెట్టె చుట్టూ తడుముతూ.

"ఫ్రిజ్జులో వెన్నడబ్బా వెనక చూడు," అని వాడు బయటికొచ్చేశాడు. పొద్దున్నే దాచాడు. అమ్మని ఆపడానికి వాడికి తోచిన ఉపాయం అదొక్కటే.

పక్కగదిలో వదిన బల్ల మీద పాత పేపరు పరుచుకుని, బట్టల మీద గీసే సుద్దముక్కతో గీత గీస్తోంది. కుడిచేతి వేళ్ళ మధ్య సుద్ద పెట్టి, ఎడమచేత్తో ఆ చేతిని తోస్తోంది, చక్రం ఊడిన బండిని తోసినట్టు. గీత కొంతదూరం వెళ్ళి, తనకేమీ పట్టనట్టు పక్కకి పోయింది.

"బాగుంది వదినా. ఇలా ఒక లాగు కుట్టావంటే పిల్లాడు తిన్నగా బడికి పోడు. ఆటస్థలానికి పోతాడు."

వదిన నవ్వింది. పెదవి ఒకవైపే పైకి లేచింది. "టీ తెచ్చావా, మాటలే తెచ్చావా?"

"రెండూ తెచ్చాను. టీలో చక్కెర తక్కువ, మాటల్లో ఎక్కువ."

గ్లాసు ఆవిడ ఎడమవైపు పెట్టాడు. ఇప్పుడు ఇంట్లో అందరికీ అదొక అలవాటైంది.

"ఏమయ్యా, అత్తయ్య నిజంగానే పోతుందా?"

"నువ్వాపొచ్చుగా."

"నేనెలా ఆపను? మీ అన్నయ్య నాకోసమే అరుస్తున్నాడు. వద్దంటే, 'నీకు తెలీదు, నీకు అప్పుడు తెలివిలేదు' అంటాడు." వదిన సుద్ద కింద పెట్టింది. "నిజమే మరి. నాకు తెలీదు. చెప్పు కాలినుంచి జారిపోతే పెట్టుకోబోయాను, కాలు మాట వినలేదు. అంతవరకు గుర్తుంది. కళ్ళు తెరిస్తే ఆసుపత్రి ఫ్యాను. మధ్యలో ఏముందో ఎవరూ చెప్పరు."

"మధ్యలో మనవాళ్ళు కప్పు గెలిచారు. అంతకంటే ఏం కావాలి?"

"నేనేదో అన్నాను," అంది వదిన.

టపాకాయ గ్లాసు అంచు తుడవడం మొదలుపెట్టాడు.

"ఏదో అన్నాను. అన్నానని తెలుస్తోంది, ఏమన్నానో తెలీడంలేదు. నిద్రలో కూడా వెతుక్కుంటున్నాను. అత్తయ్యనడిగితే ఏమీ అనలేదంటుంది. నువ్వు నాకు దగ్గర్లోనే ఉన్నావుగా, బల్ల కింద. విన్నావా?"

"విన్నాను."

"ఏమన్నాను?"

వాడు మొహం చాలా గంభీరంగా పెట్టాడు. "'ఈ బౌలరుని మార్చండిరా, వీడికంటే మా ఆయన నయం' అన్నావు."

వదిన మళ్ళీ నవ్వింది, ఈసారి ఎక్కువగా. టీ కొంచెం పెదవి పక్కనుంచి కారింది. ఎడమచేత్తో తుడుచుకుంది. వాడు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆవిడేమందో వాడికి అక్షరం అక్షరం తెలుసు.

అసలు ఈ కూర్చోవడాల గోల మొదలుపెట్టిందే వాడు. ఆ టోర్నీ గురించి ఊళ్ళో ఎవరినడిగినా స్కోర్లు చెప్తారు. ఈ ఇంట్లో అడిగితే మాత్రం ఏ మ్యాచ్‌లో ఎవరెక్కడ కూర్చున్నారో చెప్తారు. కుర్చీ మారిస్తే వికెట్టు పోతుందని వాడు మొదట ఆటపట్టించడానికే అన్నాడు. నాలుగు మ్యాచ్‌లు గెలిచేసరికి చెప్పినవాడే నమ్మేశాడు. మీరు నవ్వకండి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆఖరి ఓవర్లో బాత్రూం తలుపు పట్టుకుని నిలబడే ఉంటారు.

వాడి వంతు బల్ల కింద పడుకోవడం. వదిన వంతు ఏమిటంటే, కుట్టుమిషను ముందు పీట మీద కూర్చుని, కుడిచెయ్యి మిషను చక్రం మీద ఉంచాలి. అలా ఉంచిన రోజే మొదటిసారి మనవాళ్ళకి వరసగా వికెట్లు పడ్డాయి. ఫైనల్లో గంటల తరబడి ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు. చివర్లో, అవతలివాళ్ళు కొట్టేస్తున్నారు, అందరి ప్రాణాలూ కళ్ళలో ఉన్నాయి, అప్పుడంది: "చెయ్యి మొద్దుబారిపోయింది."

"కప్పొచ్చాక కొత్తది బిగిస్తాలే వదినా," అన్నాడు వీడు బల్ల కిందనుంచి.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత ఆవిడ ఇంకో మాటంది. ఆ మాట నోట్లో బట్ట కుక్కినట్టు ముద్దముద్దగా వచ్చింది. టీవీ హోరులో అది వాడికొక్కడికే వినబడింది. బల్ల కిందే పడుకుని, తల తిప్పకుండా, అదే ముద్దగొంతుతో, అదే సాగదీతతో, ఆ మాటని అచ్చం దింపేశాడు.

వీధిలో ఎవరి గొంతైనా దింపడంలో వాడికి పెట్టింది పేరు. మాటేమిటో ఎవరికీ తెలీలేదు, ఆ గొంతుకే ఇల్లు ఘొల్లుమంది.

ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

అన్నయ్య మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చాడు. నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరు. ఎప్పుడూ మోటార్ల మోత మధ్య ఉండే మనిషి కాబట్టి ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతాడు. ఇవాళ మాత్రం మెల్లగా మాట్లాడాడు. అదే భయం.

"సాయంత్రం బస్సుందట. సీటు ఉంచమని చెప్పాను."

"చెప్పావా? మంచిది నాయనా," అంది అమ్మ. "సాగనంపడంలోనైనా తొందర చూపించావు."

"నేను పొమ్మన్నానా? పెట్టె సర్దింది నువ్వు."

"ఉండమన్నావా?"

అన్నయ్య చొక్కా గుండీలు విప్పుకుంటూ ఆగాడు. "అమ్మా, నేనడిగింది ఒక్క ప్రశ్న. ముందే ఎందుకు చూడలేదని. డాక్టరేమన్నాడు? ఇంకాస్త ముందు తెచ్చుంటే చెయ్యి ఇంతగా పట్టు తప్పేది కాదన్నాడు. ఆ కాస్త ఎక్కడ పోయింది? మీరంతా వీధిలో గెంతుతున్నారు, ఇది ఒక్కతే మిషను మీద వాలిపోయి ఉంది. దానికి జవాబు చెప్పు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"చెప్పడానికేం లేదురా."

"ఏం లేదా!"

"లేదు."

టపాకాయ గడప దగ్గర స్క్రూడ్రైవరుతో అరచేతిలో గీతలు గీసుకుంటున్నాడు. నోరు తెరిచాడు. అమ్మ వాడివైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు. నాలుగువీధుల అవతలకి వినబడే నోరది. అవసరానికి మూగదైంది.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలోంచి, "అత్తయ్యగారూ! శుభవార్త!" అని వినబడింది.

ఎదురింటి బస్సు కండక్టరు. మనసులో ఏమీ ఉంచుకోడు, ఉంచుకోవడానికి అక్కడ చోటుండదు. వస్తూనే ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. టోర్నీలో వాడికి పడిన చోటు అదే. కప్పు గెలిచి ఇన్నాళ్ళైనా కాళ్ళు మర్చిపోలేదు.

"రేపట్నుంచి టోర్నీ మొత్తం మళ్ళీ చూపిస్తారట! మొదటి మ్యాచ్ నుంచి ఫైనల్ దాకా! అందరం మళ్ళీ ఇక్కడే కూర్చుందాం. ఏం బావా, ఈసారి నువ్వూ చూడొచ్చు, ఎటూ గెలిచేశాం."

"తర్వాత మాట్లాడదాం," అన్నాడు అన్నయ్య.

కండక్టరుకి రెడ్ సిగ్నలు కనబడితేగా! "మొదటి మ్యాచ్ గుర్తుందా? అబ్బబ్బ! మనవాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు, టెర్మినల్లో బస్సు దిగినట్టు దిగిపోయారు. ఆ రోజు నువ్వు చూశావు కాబట్టేగా, బావా, నిన్ను ఇంట్లోంచి వెలేసింది! పాపం అప్పట్నుంచీ ప్రతి మ్యాచ్‌కీ డ్యూటీ మార్పించుకుని పంపుహౌసులో కూర్చున్నావు. ఫైనల్ రోజైతే ఫోను కూడా ఆపేశావు. నువ్వు ఫోన్ చేసినా, నీకెవరైనా చేసినా వికెట్టు మనకి పడదని వీడన్నాడని. అదీ త్యాగమంటే!"

"సరే, తర్వాత..."

"నీదేముందిలే, అత్తయ్యగారిదీ త్యాగం! సెమీఫైనల్లో ఈవిడ గోడ దులుపుతుంటేనేగా ఆ క్యాచ్ పట్టారు? ఇక టపాకాయ ఒప్పుకుంటాడా? ఫైనలంతా ఈవిణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. టీవీ వీపుకి చూపించింది పాపం!" అని కండక్టరు పకపకా నవ్వాడు.

అన్నయ్య నవ్వలేదు. "గోడవైపా?" అన్నాడు.

"ఆఁ. ఆ కిటికీ పక్కన."

అన్నయ్య కిటికీ పక్క గోడని చూశాడు. అక్కడినుంచి మిషను దాకా చూశాడు. అక్కడ గోడవైపు తిరిగి కూర్చున్న మనిషికి మిషను వెనకాల ఉంటుంది. తల పూర్తిగా తిప్పితే తప్ప కనబడదు.

"అమ్మా?"

"నాకు ఆ ఆటేం తెలుస్తుందిరా. ఏ వైపు తిరిగితే ఏం?" అంది అమ్మ.

టపాకాయ లేచి, "బావా, నీ కొత్త బస్సు హారనుకి ఏమైంది, దగ్గుతోందటగా, పద చూద్దాం," అని కండక్టరు భుజం మీద చెయ్యేశాడు.

"ఉండవయ్యా, అసలు సంగతి చెప్పనీ! చెల్లెమ్మ సంగతి!" కండక్టరు గదిలోకి తొంగిచూసి చెయ్యి ఊపాడు. "చెల్లెమ్మా, కప్పు గెలిపించింది నువ్వే తల్లీ! చక్రం మీద చెయ్యి తీస్తే ఒట్టు. చివర్లో మొద్దుబారిపోయిందంటూనే ఉంచేసింది. ఈ దొంగవెధవ ఊరుకుంటాడా? వెంటనే ఆవిడ గొంతు దింపేశాడు! మాట ముద్దగా... ఇలా నాలుక... మడతపడినట్టు..."

కండక్టరు నవ్వు అక్కడ సన్నబడింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

తను ఏం చెప్తున్నాడో అతనికి అప్పుడే వినబడింది.

బయట ఎవరో బకెట్టుతో నీళ్ళు కుమ్మరించిన చప్పుడైంది.

"ఎప్పుడు?" అన్నాడు అన్నయ్య.

"ఏది బావా?"

"మాట ముద్దగా వచ్చింది. గెలిచాకా, ముందా?"

"నాకేం గుర్తుంటుంది..."

"ఏ స్టాపులో ఎవరెక్కారో నెల తర్వాత అడిగినా చెప్తావు. ఇది గుర్తులేదా?"

కండక్టరు టపాకాయవైపు చూశాడు, సాయం చెయ్యమన్నట్టు. టపాకాయ నేలకేసి చూస్తున్నాడు.

"ముందే," అన్నాడు కండక్టరు మెల్లగా. "ఇంకా కొన్ని ఓవర్లు ఉన్నాయి. బావా, తోడబుట్టినవాడిలా చెప్తున్నాను, నాకు తట్టలేదు. వీడు ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. నేనూ నవ్వాను." లోపలున్న కాలు కూడా తీసి బయట పెట్టాడు. చెప్పులు వేసుకోకుండానే వీధి దాటేశాడు.

టపాకాయ ఎదురుచూశాడు. దెబ్బ పడుతుందనుకున్నాడు. పడితే బాగుండుననుకున్నాడు. చిన్నప్పుడు తప్పుచేస్తే అన్నయ్య నెత్తిన ఒక్కటి మొట్టేవాడు, అంతటితో తీరిపోయేది.

అన్నయ్య దగ్గరికి కూడా రాలేదు.

"నిజమేనా?"

"నిజమే."

"డాక్టరు అడిగినప్పుడు గెలిచాక వచ్చిందన్నావు."

"అన్నాను."

"అమ్మని అన్ని మాటలన్నాను. కోడలని చూడలేదన్నాను. నువ్వు ఇక్కడే నిలబడి విన్నావు."

"విన్నాను, అన్నయ్యా."

"ఏదొచ్చినా ఆగని నోరు కదరా నీది. ఆ ఒక్కప్పుడు ఎలా ఊరుకుందిరా?"

వాడికి భయమేసిందంతే.

"నవ్వుకున్నారు," అన్నాడు అన్నయ్య, ఎవరితోనూ కానట్టు. "అది చచ్చిపోతుంటే నవ్వుకున్నారు."

"ఒరేయ్, వాడేం కావాలని చేశాడా?" అమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. "ముద్దగా మాట్లాడితే ఏమిటో మాలో ఎవరికి తెలుసు? నాకు తెలుసా? నేనూ నవ్వానురా! కట్టుకున్నవాడివి నువ్వు నన్నన్నావు, పడ్డాను. నేనే పోతున్నాగా, ఇంకేం కావాలి?"

"నువ్వెక్కడికీ పోవు." అన్నయ్య లోపలికెళ్ళి పెట్టె పట్టుకొచ్చాడు. మూత తెరిచి, అమ్మ బట్టలు ఒక్కొక్కటే తీసి కుర్చీ మీద పెట్టాడు. విసిరికొట్టలేదు. మడత చెడకుండా పెట్టాడు. ఖాళీ పెట్టె తమ్ముడి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నీవి సర్దుకో."

"పెద్దోడా!"

"మాట్లాడకమ్మా."

టపాకాయ వంగి పెట్టె తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. చిత్రమేమిటంటే, ఇన్నాళ్ళుగా వీపుమీద మోస్తున్నది కాస్త దిగినట్టే అనిపించింది. పోతే పోతాను, ఇక్కడితో సరిపోతుంది, ఆ ఇంకొక్కటీ ఎవరికీ తెలియకుండా నాతోనే వచ్చేస్తుంది అనుకున్నాడు.

"ఆగు."

వదిన గది గుమ్మంలో నిలబడి ఉంది. ద్వారబంధాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది.

"లేచి వచ్చావేంటి, కూర్చో," అన్నాడు అన్నయ్య ఆదుర్దాగా.

"ఆ రోజంతా కూర్చున్నాగా. ఇవాళ నిలబడతాను." ఆవిడ మాటలు నెమ్మదిగా, ఒక్కొక్కటి చూసుకుని అడుగేసినట్టు వస్తాయి. "మీ అన్నదమ్ములు మీరు తేల్చుకోండి. వెళ్ళేవాడు వెళ్ళనీ. నాది నాకిచ్చి వెళ్ళమనండి."

"నీదేముంది వాడి దగ్గర?"

వదిన మరిదివైపు తిరిగింది. "ఆ రోజు నేనేమన్నాను?"

"వదినా..."

"పొద్దున అడిగితే బౌలరుని మార్చమన్నానన్నావు. నవ్వాను. నవ్వానని నమ్మాననుకున్నావా? అది నీ మాట. నాలాంటిది ఆ మాటనదు. ఇప్పుడు మీ కండక్టరు బావ చెప్పాడుగా, నా మాట నువ్వు దింపావని. అంటే నీకు వినబడింది. ముక్క వదలకుండా వినబడితే తప్ప దింపలేవు."

టపాకాయ పెట్టె రెండుచేతుల్లోకి మార్చుకున్నాడు.

"నా నోటిలోంచి వచ్చిన మాట నా దగ్గర లేదయ్యా. నీ దగ్గరుంది. ఇచ్చెయ్."

"వద్దు వదినా. అది విని ఏం చేస్తావు?"

"ఏం చేస్తానో నా ఇష్టం. చెయ్యి పోయింది, సరే. పోయిందని తెలుసు. ఆ మాట పోయిందో ఉందో కూడా తెలీకుండా ఎన్నాళ్ళు తిరగను? నా గొంతుతోనే అను. అప్పుడన్నట్టే."

"నావల్ల కాదు."

"అప్పుడైంది."

వాడు గొంతు సవరించుకున్నాడు. ఈ వీధిలో వాడు దింపని గొంతు లేదు. పాలవాడిది, కొట్టు యజమానిది, అన్నయ్యది, ఆసుపత్రి నర్సుది కూడా. నాలుక మడతపెట్టబోయాడు. అది మడతపడలేదు. చివరికి వాడి సొంత గొంతే వచ్చింది. ఆ గొంతు ఇంట్లో ఎవరూ పెద్దగా విన్నది కాదు. ఏ వేషమూ వెయ్యని గొంతు.

"'నాకు భయమేస్తోంది' అన్నావు," అన్నాడు. "'మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. తొందరగా రమ్మను' అన్నావు."

అమ్మ కుర్చీ మీదున్న తన బట్టల మీదే కూర్చుండిపోయింది.

"నాకర్థమైంది వదినా. ముద్దగా ఉన్నా అర్థమైంది. ఇంకాస్త ఆగితే గెలుస్తాం కదా అనుకున్నాను. ఫోన్ చేస్తే వికెట్టు పడదని... నేను పెట్టిన రూలేగా... అందుకే నవ్వులాటలో పెట్టేశాను."

అన్నయ్య అసలు వాడివైపు చూడలేదు. చొక్కా గుండీలు సగం విప్పి ఉన్న మనిషి, చేత్తో జేబు తడుముకున్నాడు. ఫోను బయటికి తీశాడు. నల్లగా ఉన్న దాని అద్దంలోకి చూశాడు. ఆ రోజు దాన్ని ఎవరూ లాక్కుని ఆపలేదు. మోటార్ల మధ్య కూర్చుని, తన బొటనవేలితోనే, మనవాళ్ళు గెలవాలని, నొక్కి పట్టుకుని మరీ ఆపాడు.

తమ్ముడు ఫోన్ చేసినా మోగేది కాదు.

అన్నయ్య తలెత్తాడు. పంపుహౌసు గొంతు కాదు అది, మనిషి గొంతూ కాదు.

"నన్ను పిలిచావా?"

వదిన ఒక్క క్షణం ఆలోచించింది, లోపల ఎక్కడో వెతికినట్టు. దొరకలేదు. పెట్టె పట్టుకుని నిలబడ్డ మరిదిని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"పిలిచానట," అంది.